సాత్‌గుడి బత్తాయి జాతా, రకమా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రజాతి (జీనస్), జాతి (స్పీషీస్) – ఈ రెండూ పరీక్షలో ఎప్పుడూ తారుమారు రాస్తున్నాను. మా నాయన బత్తాయి రైతు. 'సాత్‌గుడి మంచి జాతి' అంటాడు. అది నిజంగా జాతేనా మేడమ్?
– ఒక విద్యార్థిని, గుర్రంపోడు, నల్లగొండ జిల్లా

జవాబు: టెన్షన్ పడకు బిడ్డా. నేను బాటనీ చెప్పినన్నాళ్లూ క్లాసులో సగం మందికి ఇదే తంటా. పుస్తకం మూసి ఒకసారి మీ తోటలోకి వెళ్లు.

బత్తాయి చెట్టు మొదట్లో, నేలకు కాస్త పైన, అంటు కట్టిన గంటు కనిపిస్తుంది. మన దిక్కు చాలా తోటల్లో రంగపూర్ నిమ్మ మొక్క మీద బత్తాయి కన్ను అతికిస్తారు. గంటు కింది నుంచి చిగురు లేస్తే మీ నాయన తుంచి పారేస్తాడు, చూశావా? వదిలేస్తే దానికి కాసేది బత్తాయి కాదు, కమలాపండు రంగులో ఉండే పుల్లటి నిమ్మ. కింద ఒక జాతి, పైన ఇంకో జాతి. రెండిటి ప్రజాతి మాత్రం ఒక్కటే, సిట్రస్. అంత దగ్గరి చుట్టాలు కాబట్టే అతుక్కున్నాయి. అదే కన్ను జామ మీద పెడితే ఎండిపోతుంది.

సాత్‌గుడి జాతి కాదు, బత్తాయి అనే జాతిలో ఒక రకం. మార్కెట్లో అందరూ మీ నాయన లాగే అంటారు, ఆయనను సరిదిద్దబోకు.

బత్తాయి శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. ముందున్నది ప్రజాతి. వెనకది జాతిని చెబుతుంది కానీ ఒంటరిగా పనికిరాదు. ఉత్త 'రెటిక్యులేటా' అని రాస్తే నేనేం అనుకోవాలి? సిట్రస్ రెటిక్యులేటా కమలాపండు, అనోనా రెటిక్యులేటా రామాఫలం! చేత్తో రాసేటప్పుడు రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయి.

ఈ తికమక పెద్దవాళ్లకూ తప్పలేదు. ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో బత్తాయిని నారింజలో ఒక రకంగానే లెక్కేశాడు. ఆయన శిష్యుడు ఓస్బెక్ 1765లో దాన్ని వేరే జాతిగా నిలబెట్టాడు. తీరా ఇప్పుడు జన్యువులు పరిశీలిస్తే అది పంపర పనస, కమలా కలిసి పుట్టిన సంకరమని తేలింది. వేర్వేరు జాతులు కలవవు అనే సూత్రం మొక్కల దగ్గర అంత గట్టిగా నిలబడదు. నువ్వు మాత్రం పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి.