పొట్టేలు కథ రాసిన పిల్లోడికి

అనంతపురం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివినాను. కథలో పిల్లోడి ఏడుపు నమ్మినాను గానీ, పొట్టేలును నమ్మలేకపోయినాను.

సంక్రాంతికి నెల పిల్లను తెచ్చి, ఉగాది మరునాడు కోస్తే 30 కిలోలు తూగిందని రాసినావు. ఆ రెండు పండగలకు నడుమ రెండున్నర నెలలే. పుట్టినప్పుడు మూడు కిలోలకు అటూఇటూ ఉండే గొర్రెపిల్ల, తల్లిపాలు బాగా దొరికితే మూడు నెలలకు 12 కిలోల దగ్గరికొస్తుంది. 30 కావాలంటే ఇంకో ఏడాది మేపాల. కాబట్టి పోయిన ఉగాదికి పాలు మరిచిన పిల్లను తెప్పించు. తూకం సరిపోవాలని మాత్రమే చెప్పడంలేదు. రెండున్నర నెలల మాలిమి వేరు, ఏడాది మాలిమి వేరు. ఆ ఏడాదిలో దానికి పారుడు రోగం టీకా వేయించినారు, వానకు తడిస్తే వసారాలో కట్టేసినారు, ఎండాకాలం మేత చాలక శెనక్కాయ కట్టె కోసం ఇంటాయన పక్క రైతును అడుక్కున్నాడు. అంతా పిల్లోడి కండ్ల ముందరే.

పదిహేను నెలలు వచ్చేసరికి, కింది దవడలో నడిమి పాలపళ్ళు రెండూ ఊడి పెద్దవి వస్తాయి. పిల్లోడు దాని పెదవి ఎత్తి చూసి, ఉరుక్కుంటా పోయి "నాయనా, రెండు పళ్ళు వేసింది!" అంటాడు. ఆయన ఏమీ మాట్లాడడు. ఆ వయసు కోసమే కాచుకున్నాడు కదా. నువ్వు మూడు పేజీలు ఏడిపించిందంతా ఈ ఒక్కచోట ఇమిడిపోతుంది.

ముందు రోజు ప్రేమ కొద్దీ గంపెడు జొన్నలు పెట్టినాడని రాసినావు. అట్ల పెట్టకూడదు. రోజుకు పావుకిలో దాణాకు అలవాటైన జీవం ఒక్కసారిగా గింజలు మేస్తే అవి పొట్టలో పులిసి, నెమరు ఆగి, తెల్లారేసరికి పడిపోతుంది. చచ్చినా చస్తుంది. తెలిసిన ఇంట్లో ముందు రోజు సాయంత్రం నుంచే మేత ఆపేస్తారు, నీళ్లు మాత్రం పెడతారు. పొట్ట నిండుగా ఉంటే పేగులు తీసేటప్పుడు కత్తి తగిలి, లోపలి మేత మాంసం మీద పడి చెడుతుంది. మరి ఆ రాత్రి? ఆకలికి అది అరుస్తానే ఉంటుంది. ఎందుకు మేత వేయలేదో ఇంట్లో అందరికీ తెలుసు, దానికి తప్ప. నువ్వు కత్తి దగ్గర ఇంత సేపు నిలబడి, ఈ రాత్రిని దాటేసి వెళ్లిపోయినావు.

నలుగురు తరిమి తరిమి పట్టుకొచ్చినారనేది కూడా తీసెయ్. చాలాసేపు బెదిరి పరుగెత్తితే కండలో సత్తువంతా అయిపోతుంది. కోసినాక రావలసిన పులుపు రాక మాంసం నల్లబడి, జిగటగా అయి, తొందరగా పాడైపోతుంది. అందుకే చేరిక ఉన్నవాళ్లే తాడు పట్టి నడిపించుకొస్తారు. ఈ ఇంట్లో అయితే తాడు కూడా అక్కర్లేదు, రోజూ కుడితి పోసిన అమ్మ పిలిస్తే వస్తుంది. ఆమె చేత పిలిపించు. రాయడానికి చేయి ఆడదు, తెలుసు. అయినా రాయి.

పేరు సంగతి. కోసేదానికి పేరు పెట్టనియ్యని ఇండ్లు చాలా ఉన్నాయి. తెల్లటి ఒంటి మీద కండ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుండే జోడిపి రకం నెల్లూరు గొర్రె అయితే "నల్లమూతిది" అంటారు, అంతే. పిల్లోడు దాన్నే పేరుగా పిలుచుకోనీ.

అమ్మ తినకపోవడాన్ని గొప్పగా, నాయన తినడాన్ని మొరటుగా చూపించినావు. ఇది నాకు బాధేసింది. 30 కిలోల పొట్టేలుకు మాంసం 14 కిలోలు రావచ్చు, తలకాయ, కాళ్లు, బోటి వేరే. పాళ్లు వేసి పంచి, మిగిలింది సంగటిలోకి పులుసు చేసుకుని ఆయన ఎముక కూడా వదలకుండా తిన్నాడంటే, ఏడాది గడ్డి మోసింది ఆయనే. ఒక్క ముక్క వృథా పోనీకపోవడం ఆయన పెట్టే మర్యాద. ఆమెకు ముద్ద దిగకపోవడమూ అంతే నిజం. ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టు, నడుమ నువ్వు మాట్లాడొద్దు.

వసారాలో దానికి పెట్టే శెనగచెక్క సగం మూట మిగిలుంటుంది. మరుసటి రోజు దాన్ని ఎవరు చూసినారు, ఏం చేసినారు? అది రాసి పంపు.

నీ మేలు కోరే,
పెద్దాయన