బీఎస్సీ ఫారెస్ట్రీకి అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ వద్దు, ఫారెస్ట్రీ చదువుతానంటోంది. చెట్లు పెంచి నరికే చదువుతో అడవిని ఏం కాపాడతారో, రేపు ఏ ఉద్యోగం వస్తుందో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మొదటి సందేహంతోనే మొదలుపెడతాను, ఆ చదువు సారమంతా అందులోనే ఉంది. మనిషి అడుగుపెట్టని అడవి మనకు దాదాపు లేదు. మీకు దగ్గర్లోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌నే చూడండి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిలో పులులూ ఉన్నాయి, చెంచు పెంటలూ (చెంచు గిరిజనులు ఉండే చిన్న ఊళ్లు) ఉన్నాయి.

ఎండలు ముదిరే వేళ ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఎండుటాకులు తగలబెట్టే అలవాటు చాలా అడవుల్లో ఉంది. మంట చేయి దాటితే మొలకలు, నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు మాడిపోతాయి. అలాగని ఏరడమే ఆపించలేం. ఆ పువ్వు ఎలుగుబంటికీ కావాలి, ఏరుకునే కుటుంబానికీ కావాలి. కాల్చకుండా ఊడ్చుకునేలా ఒప్పించడం, ముందే ఫైర్ లైన్లు (మంట పాకకుండా ఆకూ గడ్డీ తీసేసిన దారులు) వేయించడం ఫారెస్టర్ పని.

టేకు ప్లాంటేషన్‌లో చెట్లు పలచన చేసేటప్పుడు ఎండిపోయి నిలబడ్డ ముసలి చెట్టు పనికిరానిదిగా కనిపిస్తుంది. దాన్ని ఉంచితే వడ్రంగిపిట్ట తొర్ర తొలుస్తుంది. తర్వాత అదే తొర్రలో చిలకలో గోరింకలో పిల్లల్ని చేస్తాయి. ఏ చెట్టు తీయాలి, ఏది వదలాలి అన్నది మీ అమ్మాయి నేర్చుకుంటుంది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద చదువు.

మన తెలంగాణలో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ 2016 నుంచి నడుస్తోంది. ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో, వరంగల్ అవతలి ములుగు అనుకోకండి. కోర్సు నాలుగేళ్లు. పైచదువుకు డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ, వన్యప్రాణి సంస్థ ఉన్నాయి.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. రాష్ట్ర అటవీశాఖలో బీట్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ నోటిఫికేషన్లు ఏటా రావు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు యూపీఎస్సీ పరీక్ష ఉంది, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే రాయాలి. బాటనీ, జువాలజీ డిగ్రీవాళ్లూ అర్హులే కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. అందులో అమ్మాయిలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడిచి చూపించాలి.

నీట్ రాలేదు కదా అని సర్దుకోవడానికైతే మాత్రం చేర్పించకండి. కౌన్సెలింగ్‌కు ముందు ఒకసారి అమ్రాబాద్ అడవి దగ్గరి మన్ననూరు వైపు తీసుకెళ్లండి, అక్కడి అటవీ సిబ్బందితో మాట్లాడనివ్వండి. ఎండలో తిరిగొచ్చాక కూడా ఇదే చదువుతానంటే సంకోచించకుండా ఫీజు కట్టండి.