కామెంట్లు లెక్కపెట్టి ఓట్లు చెబుదామనుకునే మేనల్లుడికి

చిరంజీవి సత్తిబాబుకి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఎన్నికలకి కోనసీమలో ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్ కామెంట్లు పోగేసి ఏ సీటు ఎవరిదో ముందే చెబుతానన్నావట. వద్దనను. కానీ కామెంట్లలో దొరికేది జనం దేనిమీద మండుతున్నారన్నదే. ఎన్ని ఓట్లు, ఎన్ని సీట్లన్నది అక్కడ ఉండదు, వేరేచోట నుంచి తెచ్చుకోవాలి.

ముందు ఎవరి గొంతు వింటున్నావో చూసుకో. మనవైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు రాత్రి పదింటికి తీరిగ్గా కామెంట్లు పెడతారు. పోలింగ్ రోజున వాళ్ళలో ఎంతమంది ఊళ్ళో బస్సు దిగుతారో ఎవరికి తెలుసు? లంక గ్రామంలో కీప్యాడ్ ఫోను పట్టుకున్న ముసలమ్మ నీ షీటులోకి రాదు, బూతు దగ్గర వరసలో మాత్రం ముందుంటుంది. రాష్ట్రంలో ఓటర్లలో ఆడవాళ్ళే ఎక్కువ. రాజకీయ వీడియో కింద చూడు, ఎక్కువగా మగపేర్లే. 2019లో రాజోలు సీటు తేలింది 814 ఓట్ల తేడాతో. ఇంచుమించు ఒక్క బూతు ఓటర్లన్నమాట. అంత సన్నటి తేడా నీ కామెంట్లు పట్టలేవు.

లక్ష కామెంట్లు తెస్తే సరిపోతుందనుకోకు. ఎవరినీ ఏరకుండా గుడ్డిగా వెయ్యిమందిని తీసి అడిగితే తప్పు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. వాళ్ళంతట వాళ్ళు వచ్చి అరిచే లక్షమందికి ఆ లెక్క వర్తించదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరవై లక్షలకి పైగా జవాబులు పోగేసి అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 పట్టుకుపోయాడు.

ఇక పని. పోలింగ్‌కి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టు. వెతికే మాటల జాబితా మొదటిరోజే రాసేసుకుని తాళం వెయ్యి, మధ్యలో మార్చకు. జర్మనీ 2009 ఎన్నికలప్పుడు లక్ష ట్వీట్లలో పార్టీల పేర్లు లెక్కపెట్టి, ఓట్ల శాతానికి దగ్గరగా వచ్చిందని కొందరు పరిశోధకులు చెప్పారు. తర్వాత వేరేవాళ్ళు చూస్తే, ఆ జాబితాలో పైరేట్ పార్టీ అనే చిన్న పార్టీ లేదు. దాన్ని కలిపితే మొదటి స్థానం దానిదే. నిజంగా దానికొచ్చినవి రెండు శాతం ఓట్లు. జాబితా మన చేతిలో ఉంటే జవాబూ మన చేతిలోనే ఉంటుంది మరి.

పోస్టుల్ని కాదు, మనుషుల్ని లెక్కపెట్టు. ఒక ఖాతాకి రోజుకి ఒక్క గీతే, వాడు నలభై పెట్టినా సరే. అక్షరం తేడా లేకుండా పది ఖాతాల్లో కనిపించే కామెంటుని ఒకటిగానే వేసుకో. షీటులో తేదీ, ఖాతా గుర్తు, ఊరు, విషయం, వైఖరి అని అయిదు గడులు చాలు. ఊరు తెలియకపోతే ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు. మెటా యాడ్ లైబ్రరీలో, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనల జాబితాలో, ఏ పేజీ ఎప్పుడు ప్రకటనలకి డబ్బు పెట్టిందో చూసి, ఆ రోజుల్ని వేరే రంగులో పెట్టుకో. డబ్బుతో లేచిన అల ఆ డబ్బుతోనే పడిపోతుంది. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం దొంగచాటుగా దూరకు, అది జనం ఇంట్లో మాట.

అసలు తంటా వైఖరి దగ్గర. ఇలాంటి కామెంటు ఒకటి తీసుకో: "మా ఊరి రోడ్డు సూపరండీ, నాట్లు కూడా దానిమీదే వేసేసుకుంటున్నాం, ఆయ్." కామెంట్ల వైఖరి కట్టే కంప్యూటర్ మెషిను "సూపర్" చూసి మెచ్చుకోలు అంటుంది. మనకి వెటకారం ఉగ్గుపాలతో వచ్చింది, దానికెక్కడిది! పైగా సగంమంది తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, ఒకే మాట నాలుగు రకాలుగా ఉంటుంది. అందుకని ముందు మూడొందల కామెంట్లు తీసి, నువ్వూ ఇంకొకరూ ఒకరిది ఒకరు చూడకుండా అనుకూలం, వ్యతిరేకం, తేలదు అని రాయండి. నూటికి ఎనభై కలవకపోతే మీ నియమాలే సరిగా లేవని. అవి సరిచేసుకున్నాకే మెషిను జోలికి వెళ్ళు.

ఓట్ల నుంచి సీట్లకి వెళ్ళేటప్పుడు ఇంకా జాగ్రత్త. 2019లో తెలుగుదేశానికి రాష్ట్రంలో దాదాపు 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు. 2024లో వైకాపాకీ దాదాపు అంతే శాతం, సీట్లు 11. జనసేన 2019లో తెలుగుదేశంతో పొత్తు లేకుండా నిలబడితే దక్కింది ఒక్క రాజోలు. భీమవరంలో పవన్ కల్యాణే ఓడిపోయారు. 2024లో పొత్తులో 21 చోట్ల నిలబడి 21 గెలిచింది. ఆన్‌లైన్‌లో ఆ పార్టీ కుర్రాళ్ళ హడావిడి రెండుసార్లూ ఉన్నదే. మారింది పొత్తు. పొత్తులో ఒక పార్టీ ఓటు ఇంకో పార్టీకి ఎంత బదిలీ అవుతుందో ఏ హ్యాష్‌ట్యాగూ చెప్పదు.

అందుకే పునాది ఫారం 20 మీద, అంటే బూతులవారీ ఫలితాల పత్రం మీద వెయ్యి. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైటులో అవి ఉంటాయి. తరచూ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే కాబట్టి చేత్తో ఎక్కించుకోవాలి, విసుగు పుడుతుంది. బూతు నంబర్లు ఎన్నికకీ ఎన్నికకీ మారతాయి, ఊరి పేరుతో కలుపు. "పోయినసారి వచ్చినట్టే వస్తుంది" అనేదాన్ని మొదటి అంచనాగా పెట్టుకుని, నీ కామెంట్ల లెక్క దానికంటే దగ్గరగా వస్తోందో లేదో చూడు. రాకపోతే దాన్ని ఓట్ల అంచనాలో కలపకు. పాత ఎన్నికల కామెంట్లు ఇప్పుడు తెచ్చి పరీక్షించాలన్నా చిక్కే, ఓడినవాళ్ళు చాలావరకు చెరిపేసుకుని ఉంటారు.

ఏ విషయం వారం వారం పెరుగుతోందన్నది మాత్రం నమ్మకంగా చెప్పొచ్చు. కాలువకి నీళ్ళు ఆలస్యమైనా, కొబ్బరి రేటు పడినా, రొయ్యల మేత ధర పెరిగినా ముందు తెలిసేది కామెంట్లలోనే. మండలానికి ఒక గ్రాఫు వేసి, కదలిక కనిపించిన ఊరికి సైకిలేసుకుని వెళ్ళి రా.

అంచనాని ఒకే అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత అని రాసి, పోలింగ్ ముందురోజు కవరులో పెట్టి మీ అమ్మకిచ్చెయ్. ఓటేసి వచ్చినవాళ్ళని అడిగిన లెక్క ఎన్నికల సంఘం చెప్పిన గడువు దాటేదాకా ఎక్కడా పెట్టకు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ కింద రెండేళ్ళ వరకు జైలు ఉంది. భీమవరం పందేలవాళ్ళు కవరులో ఏముందని ఫోన్ చేస్తారు, ఎత్తకు.

మావయ్య