సరేనంటారు, పని మాత్రం కాదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: "నేనొకటి అన్నాను, వాళ్లింకోటి అనుకున్నారు." అందుకని ఈ సంచికంతా దానికే ఇచ్చేశాం. పిల్లల చదువులు, షుగరు, స్థలాల తగాదాల ఉత్తరాలు వచ్చే నెల.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా క్లయింట్ నెదర్లాండ్స్ వాళ్లు. శుక్రవారానికి అవుతుందా అని కాల్‌లో అడిగారు. కాదని నాకు తెలుసు, కానీ మా డెలివరీ మేనేజర్ గారు కూడా కాల్‌లో ఉన్నారు, ఆయన ముందు కాదనలేక అవుతుందన్నాను. కాలేదు. తర్వాతి కాల్‌లో క్లయింట్ వైపు అమ్మాయి "కాదని తెలిసి అవుతుందని ఎందుకు చెప్పారు?" అని అందరి ముందూ మొహమ్మీదే అడిగేసింది. నన్ను అబద్ధాలకోరుని చేసింది. వాళ్లకి మన పద్ధతి ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు నెదర్లాండ్స్ కన్నా మీ మేనేజర్ గారే ఎక్కువ కనిపిస్తున్నారు. ఆయన లేని టైములో ఆ అమ్మాయి ఛాట్‌లో అడిగి ఉంటే "శుక్రవారం కష్టం, మంగళవారం ఇస్తాం" అని రాసేవారా, లేదా? రాసేవారే. మరి కాదనడం మీకు బాగానే వచ్చు, పెద్దాయన వింటుండగా కాదనడమే రాదు. దీనికి మనవాళ్లు "మన కల్చర్" అని పేరు పెట్టేసి సరిపెట్టుకుంటారు, అప్పుడిక మేనేజర్ మారక్కర్లేదు, మనమూ మారక్కర్లేదు.

డచ్చివాళ్లు సూటిగా మాట్లాడతారు, నిజమే. నచ్చకపోతే నచ్చలేదంటారు, ఆ తర్వాత అదే మనిషితో కూర్చుని కాఫీ తాగుతారు, మనసులో ఏమీ పెట్టుకోరు. అలాగని ఆ సూటిదనం వాళ్లకి పుట్టుకతో వచ్చిందనుకోకండి. 1977 మార్చి 27న కెనరీ దీవుల్లో టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది పోయారు. టేకాఫ్‌కి పరుగు తీసింది డచ్చివాళ్ల కేఎల్ఎం విమానం. ఎదురుగా పాన్ ఆమ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ గట్టిగా, ఏ అనుమానమూ లేనట్టు, తప్పుకుందన్నట్టే జవాబిచ్చాడు. ఆయన మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చే సీనియర్, కంపెనీ ప్రకటనల్లో వేసేది ఆయన ఫొటోనే. ఆ జవాబు విన్నాక ఇంజినీరు మరి మాట్లాడలేదు. మొహమ్మీదే మాట్లాడతారని పేరున్న దేశం వాళ్లే, కానీ ఎదురుగా ఉన్నది అంత పెద్ద మనిషైతే వాళ్లకీ నోరు పెగల్లేదు.

మీ "అవుతుంది" లాంటి జవాబు ఇంకోటి ఉంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా విమానం న్యూయార్క్ దగ్గర గంటకు పైగా ఆకాశంలోనే తిరిగింది, ఇంధనం అడుగంటింది. ఒకసారి దిగబోయి దిగలేకపోయాక, పదిహేను మైళ్లు అవతలికి తీసుకెళ్లి మళ్లీ తిప్పుతాను, మీ ఇంధనానికి ఫర్వాలేదా అని కంట్రోలర్ అడిగితే, కో-పైలట్ "అనుకుంటాను, చాలా థాంక్స్" అన్నాడు! ఇంధనం అయిపోతోందని అంతకుముందు చెప్పాడు గానీ ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం ఒక్కసారీ నోటివెంట రాలేదు. విమానం కూలి, ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు.

ఇలాంటివి చూశాక విమానయానం వాళ్లు ఏ దేశం వాళ్లనీ స్వభావం మార్చుకోమని అడగలేదు. కింది వాడు అనుమానాన్ని ఏ మాటలతో చెప్పాలో, పైవాడు దాన్ని ఎలా వినాలో, రెండూ కలిపి శిక్షణలో పెట్టేశారు. మీరూ చేయాల్సింది అదే. కాల్‌కి ముందే మేనేజర్ గారిని పట్టుకుని "శుక్రవారం అడుగుతారు సర్, రెండు పనులే అవుతాయి, అదే చెబుతాను" అనండి, విడిగా చెబితే ఆయనకీ పరువు సమస్య ఉండదు. కాల్‌లో అవును, కాదు అనే జోలికే పోకండి. "మూడింట్లో రెండు శుక్రవారం, మూడోది మంగళవారం. మూడూ శుక్రవారమే కావాలంటే టెస్టింగ్ వదిలేయాలి, ఏది చేయమంటారు?" ఇలా అంటే వినయం పోదు, నిజమూ దాగదు. ఆ అమ్మాయికి మాత్రం ఓ రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ఆరోజు తప్పు చెప్పాను, ఇకనుంచి తేదీ ముందే చెబుతాను అని. మన సంస్కృతి గురించి అందులో ఒక్క ముక్క కూడా రాయకండి, ఆవిడకి కావల్సింది తేదీ.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, కోడలు అమెరికన్ అమ్మాయి. మంచి పిల్లే. మొన్న వెళ్లినప్పుడు వియ్యపురాలు భోజనానికి పిలిచింది. ఇంకొంచెం వేసుకుంటారా అంటే మొహమాటానికి వద్దన్నాను, అంతే, గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది! ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను. ఇంకో బాధ, నేను కాఫీ ఇస్తే నా కొడుకు నాకే థాంక్స్ చెబుతున్నాడు. అంత పరాయిదాన్నయిపోయానా?
– ఒక అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ఆఫీసంతా నవ్వింది, క్షమించాలి. మన పంక్తిలో మొదటి "వద్దు"కి విలువేముంది చెప్పండి. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోయినా వేళ్ల సందుల్లోంచి పప్పు జారవిడిచే వాళ్లం. బలవంతం చేయకపోతే పెట్టడం ఇష్టంలేదనుకుంటాం. వియ్యపురాలి లెక్క వేరు. వద్దన్న మనిషిని మళ్లీ మళ్లీ అడగడం ఇబ్బంది పెట్టడమని వాళ్లకి చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఆవిడ మీ మాటకి విలువిచ్చింది, మీ కడుపు మాడింది.

ఈ విషయంలో ఇరాన్ వాళ్లు మనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు. అక్కడ టాక్సీ అతను కూడా డబ్బులెంత అంటే అబ్బే వద్దండీ అంటాడు, దుకాణం వాళ్లూ అంటారు. నిజంగా వద్దన్నాడేమోనని దిగి వెళ్లిపోయారో, వెనకాల పరుగెత్తుకొస్తాడు. రెండు మూడుసార్లు బతిమాలి చేతిలో పెట్టాలి, అదీ మర్యాద.

డాలస్‌లో మీరు మొదటిసారే "వేయండి, చాలా బాగుంది" అనేయండి, ఎవరూ తిండిపోతు అనుకోరు. వియ్యాలవారు తెనాలి వచ్చినప్పుడు ఆవిడ వద్దన్న తర్వాత నెయ్యి పోయకండి, ఈ ఒక్కటీ కష్టమే, తెలుసు.

ఇక థాంక్స్ సంగతి. మన ఇళ్లల్లో కన్నతల్లికి థాంక్స్ చెబితే లెక్క తీర్చేసినట్టుంటుంది, అందుకే మీకు గుచ్చుకుంది. అక్కడ ఇంట్లోనే, అన్నం బల్ల దగ్గరే, పిల్లలకి ఆ మాట అలవాటు చేస్తారు. మీవాడు పెళ్లాంతో రోజుకి ఇరవైసార్లు అంటుంటాడు, ఆ ఊపులో మీకూ తగిలింది. దీన్ని కోడలి వైపు నుంచి కూడా ఓసారి చూడండి. ఆ పిల్ల వీడియోలు చూసి మీకోసం పప్పు వండి ఉంటుంది, మీరు మనవాళ్లలాగే తలొంచుకుని తిని లేచి ఉంటారు. ఆ రాత్రి మీవాణ్ణి అడిగే ఉంటుంది, "మీ అమ్మకి నచ్చలేదా?" అని. ఈసారి "పప్పు బాగా కుదిరిందమ్మా" అనండి, ఇంగ్లీషులో రాకపోతే తెలుగులోనే అనండి, మీ మొహం చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటాను, మా ఆవిడ జర్మన్. మావాళ్లతో వీడియో కాల్ అంటే భయపడుతోంది. ఒకళ్ల మాట పూర్తి కాకుండానే ఇంకొకళ్లు దూరతారు, పోట్లాడుకుంటున్నారా అంటుంది. ఆవిడ మాట్లాడేటప్పుడు మావాళ్లు మధ్యలో ఊఁ, ఊఁ అంటే తొందరపెడుతున్నారనుకుని ఆగిపోతుంది.
– ఒక పాఠకుడు, జర్మనీ

జవాబు: మనకి కథ చెప్పేవాడు ఎంత ముఖ్యమో ఊకొట్టేవాడూ అంతే ముఖ్యం. అవతల ఊఁ వినపడకపోతే ఫోన్‌లో "వింటున్నావా? హలో?" అంటాం. జపాన్ వాళ్లూ ఇలాగే మాటమాటకీ పలుకుతుంటారు. జర్మన్‌లో క్రియ చాలాసార్లు వాక్యం చివర్లో వస్తుంది కాబట్టి వాళ్లు చివరిదాకా ఆగి వింటారని కొందరు అంటుంటారు, నేను నమ్మను. మన క్రియ కూడా చివర్లోనే కదా, మనం ఆగుతున్నామా?

పది భాషల్లో ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంత విరామం ఉంటుందో కొలిచి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. అన్నిట్లో తక్కువ జపనీస్‌లో, అన్నిట్లో ఎక్కువ డేనిష్‌లో. ఆ రెండింటికీ తేడా చూస్తే అర సెకను లోపే. అంటే లోకమంతా దాదాపు ఒకే తాళానికి మాట్లాడుతోంది, కానీ చెవికి ఆ చిన్న తేడానే కొండంతగా వినిపిస్తుంది. ఊఁ అంటే "చెప్పు, చెప్పు" అని అర్థమని ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. పది మందిని ఒకే కాల్‌లో ఆవిడ మీదికి వదలడం మాత్రం మానండి, మీ చెల్లెలితో విడిగా మాట్లాడించండి చాలు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఈమధ్యే నర్సుగా చేరాను. వార్డు మేనేజర్ "నీకు వీలైతే ఆ చార్టులు ఒకసారి చూస్తే బాగుంటుందేమో" అన్నారు. వీలుకాలేదు, వదిలేశాను. తర్వాత కోపగించుకున్నారట, అది కూడా వేరేవాళ్లు చెబితే తెలిసింది.
– ఒక సోదరి, లీడ్స్

జవాబు: అది ఆర్డరమ్మా. పైన ఉన్నవాళ్లు ఎంత మెత్తగా మాట్లాడినా కింది వాళ్లు పరుగెత్తుతారన్న ధీమా ఉన్నచోటే ఇలాంటి మాటలు చెల్లుతాయి, కొత్తగా వచ్చినవాళ్లే దొరికిపోతారు. వాళ్ల దగ్గరి బంధువులు అమెరికా వాళ్లకే ఈ భాష అర్థం కాదు. కొరియా యుద్ధంలో 1951 ఏప్రిల్‌లో ఇమ్జిన్ నది దగ్గర చైనా సేనలు బ్రిటిష్ గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్ దళాన్ని చుట్టుముట్టాయి. పరిస్థితి ఎలా ఉందని అమెరికన్ జనరల్ అడిగితే బ్రిటిష్ బ్రిగేడియర్ "కాస్త చిక్కుగా ఉందండి" అన్నట్టు జవాబిచ్చాడని చెబుతారు. ఆయన ఉద్దేశం కొంప మునిగిందని, జనరల్‌కి అర్థమైంది ఫర్వాలేదని. ఆ దళంలో చాలామంది చనిపోయారు, లేదా పట్టుబడ్డారు.

మీకు పని అప్పజెప్పేటప్పుడు "ఈ షిఫ్ట్‌లోనే అయిపోవాలా?" అని అడిగేయండి. ఆవిడ "అలా అయితే చాలా సంతోషం" అంటే, అయిపోవాలనే. డాక్టర్లకి చెప్పేటప్పుడు మీ ఆస్పత్రిలో ఎస్‌బీఏఆర్ పద్ధతి నేర్పే ఉంటారు: పరిస్థితి, పూర్వాపరం, నా అంచనా, నా సూచన. అమెరికా నావికాదళం జలాంతర్గాముల నుంచి వచ్చిన పద్ధతి ఇది. పెద్ద డాక్టరుకి నేనేం చెప్పాలి అనే మన మొహమాటానికి మంచి మందు, చివరి భాగం మింగేయకండి.

ప్రశ్న: మాది కరీంనగర్, అత్తగారిది భీమవరం. "అత్తమ్మా, నువ్వు తిన్నవా" అని అడిగితే ఆమె మొహం మాడిపోయింది. మా ఇంట్ల అమ్మనైనా, నానమ్మనైనా అట్లనే అడుగుతం. ఇక్కడ మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. నాకది నాటకం లెక్క ఉంటది. మా ఆయనేమో "కొంచెం అడ్జస్ట్ అవ్వు" అంటడు.
– కొత్త కోడలు, భీమవరం

జవాబు: విదేశాల దాకా ఎందుకు, ఇంత తేడా మన భాషలోనే ఉంది. తెలంగాణలో చాలా ఇళ్లల్లో అత్తమ్మ, పెద్దబాపు, కాక అని వరుస పెట్టి పిలవడంలోనే మర్యాద అంతా ఉంటుంది, ఆ తర్వాత నువ్వు అంటే దగ్గరితనం. గోదావరి జిల్లాల్లో మర్యాదని మాట చివర తగిలిస్తారు. అక్కడ తిట్టేటప్పుడు కూడా అండీ అనే తిడతారు, నాలుగు రోజులు ఆగితే మీకే వినపడుతుంది, కాబట్టి అండీ అన్న ప్రతివాళ్లూ గౌరవిస్తున్నారనీ అనుకోవద్దు.

అత్తగారికి నేరుగా చెప్పండి, "అత్తమ్మా, మా అమ్మని ఎట్ల పిలుస్తనో నిన్నూ అట్లనే పిలిచిన" అని. ఆ మాటకి కరగని అత్తగారు ఉంటారేమో గానీ తక్కువ. చుట్టాల ముందు, ఊళ్లోవాళ్ల ముందు అండీ వాడండి, ఆవిడ పరువు ఉన్నది ఇంట్లో కాదు, వాళ్ల ముందే.

మీ ఆయన్ని మాత్రం నేనొకటి అడుగుతాను. బాబూ, మీరు కరీంనగర్ వెళ్లినప్పుడు మీ అత్తగారిని మీరు, అండీ అంటూ దూరంగా కూర్చోబెట్టి మాట్లాడుతుంటే, అల్లుడు ఇంకా కలవలేదని వాళ్లు అనుకుంటూ ఉండొచ్చు. అడ్జస్ట్ అవ్వమని మీకెవరైనా చెప్పారా? అల్లుడు ఎలా మాట్లాడినా అది ఆయన పద్ధతి, కోడలు తన పద్ధతిలో మాట్లాడితే పెంపకం లోపం. దీన్ని ఆంధ్రా, తెలంగాణ తేడా అంటే నేనొప్పుకోను. ఈసారి వెళ్లినప్పుడు "అత్తమ్మా, తిన్నవా" అని ఒక్కసారి అని చూడండి.

ప్రశ్న: బల్గేరియాలో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడ తల అడ్డంగా ఊపితే అవునట, పైకి కిందికి ఊపితే కాదట. నిజమా, నన్ను ఆటపట్టిస్తున్నారా?
– ఒక విద్యార్థి, సోఫియా

జవాబు: నిజమే. ఇంకా చిక్కేంటంటే, మీరు విదేశీయులని తెలిసి కొందరు మీ పద్ధతికి మార్చి ఊపుతారు, అప్పుడు ఏది ఏదో వాళ్లకీ మీకూ తెలియదు. తల చూడటం మానేసి మాట వినండి, "డా" అంటే అవును, "నే" అంటే కాదు. వైవాలో మీ మెడ కూడా కాస్త అదుపులో పెట్టుకోండి. మనవాళ్లు తలని అటూ ఇటూ వాల్చి ఊపే ఊపుడికి అక్కడ ఏ ప్రొఫెసరూ మార్కులు వేయలేరు.