అమ్ములుకి, గుంపులో బండి నడపడం గురించి

చిరంజీవి అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు మోటార్‌సైకిల్ రైడింగ్ క్లబ్బులో చేరావని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పాడనడం కంటే మొత్తుకున్నాడనడం సబబు. "దాన్ని నువ్వే చెడగొట్టావు అన్నయ్యా" అన్నాడు. ఆ నింద నాకు సంతోషమే. వాడి టెన్షన్ తగ్గించడానికి కొంత, నీకు పనికొస్తుందని కొంత, ఈ ఉత్తరం రాస్తున్నాను.

బండి నడపడం నీకు వచ్చు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే మనిషికి ట్రాఫిక్ గురించి నేను చెప్పేదేముంది. గుంపులో నడపడం మాత్రం వేరే విద్య. అందులో మొదటి పాఠం ఏమిటంటే, ఏ క్లబ్బు ఎలాంటిదో తెలుసుకోవాలంటే ముందు వెళ్లే బండిని కాదు, చివర వచ్చే బండిని చూడాలి. ముందుండేవాణ్ని లీడ్ అంటారు, చివర ఉండేవాణ్ని స్వీప్ అంటారు, ఈపాటికి నీకూ చెప్పే ఉంటారు. స్వీప్‌గా ఎవరిని పెట్టారో గమనించు. "నువ్వు మెల్లగా నడుపుతావుగా, వెనకాలే రా" అని కొత్తవాళ్లని చివరకి తోసే క్లబ్బయితే టిఫిన్ తినేసి, దండం పెట్టి ఇంటికొచ్చెయ్. చివర ఉండాల్సింది అందరికంటే అనుభవం ఉన్నవాడు. కొత్తవాళ్లు లీడ్ వెనకాలే ఉండాలి. లీడ్ వాళ్లని అద్దంలో చూసుకుంటూ తన వేగం సర్దుకోవాలి.

దీనికి కారణం ఉంది. ముందు బండి అరవైలో సాఫీగా పోతున్నా, మధ్యలో లారీలు, సిగ్నళ్లు అడ్డొచ్చి ఖాళీలు పడతాయి. ఆ ఖాళీ పూడ్చుకోవాలని పదో బండి ఎనభై, తొంభై కొడుతుంది. పదో బండి మీద ఉన్నది కొత్త కుర్రాడనుకో, వాడి ధ్యాస రోడ్డు మీద ఉండదు, ఎక్కడ వెనకబడిపోతానో అన్న భయం మీదే ఉంటుంది. గుంపుల్లో నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఇలా అందుకోబోయి జరిగినవే.

మా క్లబ్బులో చాలాకాలం స్వీప్‌గా ఉన్నది ఒక బ్యాంకు ఉద్యోగి. ఫొటోల్లో ఎక్కడా కనిపించడు. ఆయన సైడ్ బ్యాగులో ట్యూబు, టైరు లీవర్లు, చేతి పంపు, క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు, ప్లగ్గు, ఫ్యూజులు ఎప్పుడూ ఉండేవి. ఒకసారి శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక అడవిలో ఒక కుర్రాడికి క్లచ్ వైరు తెగింది. ముందున్నవాళ్లు చూసుకోకుండా దోమలపెంట దాకా వెళ్లి టీ తాగుతూ కూర్చున్నారు. అడవిలో ఫోన్ సిగ్నల్ లేదు. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అందరి రైడూ తనవల్ల పాడైందని. మా స్వీప్ వైరు మారుస్తూ వాడితో క్రికెట్ గురించి మాట్లాడాడు, బండి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. దోమలపెంటలో మమ్మల్ని కలిశాక మాత్రం లీడ్‌ని పక్కకి తీసుకెళ్లి గట్టిగానే వేసుకున్నాడు. స్నేహం అంటే నాకు తెలిసింది ఇదే, ఆ రెండు పనులూ ఒకే మనిషి చెయ్యడం.

ఆ దారి గురించి ఇంకో మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టులు రాత్రి తొమ్మిదికి మూసేసి పొద్దున ఆరుకి తెరుస్తారు. కాబట్టి తిరుగు ప్రయాణం ఆ గేటు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఒక పంచరుకీ, ఒక వానకీ సరిపడా సమయం చేతిలో పెట్టుకోవాలి. గేటు మూసేస్తారని ఘాట్‌లో బండి తరిమే పరిస్థితి వచ్చిందంటే ప్లాను వేసినవాళ్లకి ప్లాను వెయ్యడం రాదన్నమాట. కోతులకి అరటిపళ్లు విసరడం కూడా మానుకోమని మీవాళ్లకి చెప్పు. పళ్ల కోసం రోడ్డు మీదకి అలవాటుపడిన కోతి ఏదో ఒక చక్రం కిందే పోతుంది.

బండ్లు వెళ్లే వరస నేర్పుతారు. లీడ్ లేనులో కుడివైపు ఉంటే రెండోవాడు ఎడమవైపు, మూడోవాడు మళ్లీ కుడివైపు. నీ వైపే నీకు నేరుగా ముందున్న బండికీ నీకూ మధ్య రెండు సెకన్లు ఉండాలి. అరవైలో రెండు సెకన్లంటే దాదాపు 33 మీటర్లు, ఎనభైలో 44. అతను ఒక కరెంటు స్తంభం దాటినప్పుడు లెక్క మొదలుపెడితే తెలిసిపోతుంది. వేగం అరవై నుంచి ఎనభైకి పెంచితే, బ్రేకు వేశాక ఆగే దూరం మూడో వంతు పెరగడం కాదు, దాదాపు 1.8 రెట్లు అవుతుంది. అది మర్చిపోకు. ఘాట్ మలుపుల్లో, ఇరుకు రోడ్ల మీద ఈ వరస వదిలేసి ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. దిగేటప్పుడు న్యూట్రల్లో వదలకు, తక్కువ గేరులో ఇంజనే ఆపేలా చూసుకో. అద్దంలో నీ వెనక బండి లైటు కనిపించకపోతే వేగం తగ్గించు. అలా ఒక్కొక్కరూ తగ్గిస్తూ వస్తే ఫోన్ లేకపోయినా కబురు లీడ్ దాకా వెళుతుంది. మన్ననూరు దగ్గర ఆరోజు ఎవరూ చెయ్యనిది ఇదే. కూడలి దగ్గర దారి చూపించడానికి నిన్ను నిలబెడితే స్వీప్ వచ్చేదాకా కదలకు, అరగంటైనా సరే.

ఇంటర్నెట్‌లో దొరికే రైడింగ్ పాఠాలు చాలావరకు వేరే దేశాల రోడ్లకి రాసినవి. మన రోడ్ల సంగతి వేరు. వరి కోతలైతే ఊళ్ల దగ్గర సగం రోడ్డు వడ్లతోనో మక్కలతోనో నిండిపోతుంది. వాటి మీద బ్రేకు వేస్తే టైరుకి పట్టు ఉండదు. చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిపూట అసలు కనపడవు. పత్తి సీజన్లో ట్రాక్టర్ ట్రాలీలు రోడ్డంత వెడల్పు లోడుతో, వెనక లైటు లేకుండా వస్తాయి. డివైడర్ ఉన్న హైవే మీద యూటర్న్ దూరమని రాంగ్ సైడులో ఎదురు వచ్చే బండ్లు ఎక్కువగా నీ ఎడమ అంచునే వస్తాయి, నువ్వు ఆ అంచు వదిలిపెట్టు. ఊరు మొదలయ్యే చోట బోర్డు లేకపోయినా స్పీడు బ్రేకరు ఉందనే అనుకో. గేదె ఒకటి దాటితే రెండోది వస్తుంది. చీకటి పడ్డాక రాష్ట్ర రహదారుల మీద రైడు పెట్టే క్లబ్బంటే నాకు గౌరవం లేదు, వాళ్లెంత అనుభవజ్ఞులైనా సరే.

ఇది నేను చెప్పకపోతే ఎవరూ చెప్పకపోవచ్చు. బాత్రూం కోసం ఆపమని అడగడానికి మొహమాటపడకు. అడగలేక నీళ్లు తాగడం మానేసిన ఆడపిల్లల్ని చూశాను. ఏప్రిల్ ఎండలో జాకెట్, హెల్మెట్ వేసుకుని నీళ్లు తాగకుండా నాలుగు గంటలు నడిపితే ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత మలుపుల్లో తప్పులు మొదలవుతాయి. మంచి పెట్రోల్ బంకు ఎక్కడుందో ముందే లీడ్‌తో మాట్లాడు. గంటకోసారి ఆగాలని గట్టిగా అడుగు. ముఖం చిట్లిస్తే వాళ్ల ఖర్మ. మగవాళ్ల నడుములకీ ఆ ఆగడం మంచిదే.

నీ హంటర్ బండి బరువు 181 కిలోలు. పడిపోతే లేపడం నేర్చుకో. ముందు ఇంజను ఆపు. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే వేసుకో. సీటుకి నీ వీపు ఆనించి, హ్యాండిల్ ఒక చేత్తో, సీటు వెనక ఉండే కడ్డీ, అదే గ్రాబ్ రైల్, ఒక చేత్తో పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్లతో వెనక్కి అడుగులేస్తూ లేపాలి. ఇంట్లో పాత పరుపు వేసి రెండుసార్లు చేసి చూడు. ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి లేపుతారులే, అయినా నీకు రావాలి.

ఎవరైనా పడితే అందరూ చుట్టూ మూగకండి. ఒకరు వెనక్కి వెళ్లి వచ్చే బండ్లని ఆపాలి, ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఒకరు పడినవాళ్లతో మాట్లాడుతూ ఉండాలి. ఊపిరి అందుతుంటే తెలియనివాళ్లు హెల్మెట్ లాగకూడదు. పడినవాళ్లు మీ క్లబ్బువాళ్లే కానక్కర్లేదు. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడే కాలం పోయింది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ చేర్చారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్లకి అది రక్షణ. నీ బ్లడ్ గ్రూపు, మీ నాన్న నంబరు రాసిన కాగితం జాకెట్ జేబులో పెట్టుకో. ఫోన్ లాక్ అయి ఉంటే ఆ కాగితమే పనికొస్తుంది.

జాకెట్ల మీద కుట్టించుకునే ప్యాచీల సంగతి నాకెప్పుడూ ఎక్కలేదు, నీకు ముచ్చటైతే కుట్టించుకో. సైలెన్సర్ మాత్రం మార్చకు. ఊళ్లోంచి పొద్దున్నే ఆరింటికి పది బండ్లు పటపటలాడుతూ పోతే తిట్టేది పోలీసులే కాదు, పసిపిల్లల తల్లులు కూడా. ఎవరైనా పాత బుల్లెట్ ఇచ్చి "ఒక రౌండు వేసిరా" అంటే తీసుకో, కానీ ఖాళీ స్థలంలో. పాత బండ్లకి గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతావు.

గొడవలు కూడా వస్తాయి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఎవరన్న దగ్గర, పెట్రోల్ లెక్కల దగ్గర, చందా ఎవరివ్వలేదన్న దగ్గర క్లబ్బులు చీలిపోతాయి. నువ్వు ఏ పక్షంలోనూ చేరకు, రైడుకి మాత్రం మానకుండా వెళ్లు. చీలిపోయిన రెండు ముక్కల్లోనూ నాకు ఇవాళ్టికీ స్నేహితులున్నారు. మీ అత్త ఆపరేషన్‌కి రక్తం కావాలన్నప్పుడు రెండు వైపుల నుంచీ వచ్చారు, ఆస్పత్రి పార్కింగ్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు.

ఆదివారం వెళ్లే ముందు, శనివారం సాయంత్రమే చైను శుభ్రం చేసి లూబ్ కొట్టు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి చూపించు. మీ నాన్నకి లైవ్ లొకేషన్ పెట్టు. నాకు పెట్టొద్దు, ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటే మీ పెద్దమ్మ నాకు అన్నం పెట్టదు.

ఇట్లు,
మీ పెదనాన్న