మీరు అడిగారు: మనకు స్వాతంత్ర్యం ఏ రోజు వచ్చింది?

స్వాతంత్ర్యం గురించి మీకున్న అనుమానాలు రాసి పంపండని పోయిన సంచికలో ఒక్క లైను వేశాం, అంతే. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి ఇన్ని వస్తాయనుకోలేదు. అన్నిటికీ జాగా లేదు కాబట్టి ఐదు తీసుకున్నాను.

*మాది పరకాల దగ్గర పల్లె. కాలేజీలో ఆగస్టు 15 కోసం స్పీచ్ రాసుకుంటుంటే మా తాత "మనకు ఆ రోజు రాలేదు బిడ్డా, పోలీస్ యాక్షన్ అయినంక వచ్చింది" అన్నాడు. ఇప్పుడు నేను స్టేజి మీద ఏం చెప్పాలి?*
— డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

మీ తాత చెప్పిన మాటతోనే మొదలుపెట్టమ్మా, అది నిజం. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది బ్రిటిష్ వాళ్లు నేరుగా ఏలిన ప్రాంతాలకు. సంస్థానాల సంగతి వేరు, అవి ఐదు వందలకు పైగా ఉండేవి. మన దేశం వైపున్న వాటిలో హైదరాబాద్, కశ్మీర్, జునాగఢ్ లాంటివి తప్ప దాదాపు అన్నీ ఆ రోజుకల్లా కలుస్తామని సంతకాలు పెట్టేశాయి. హైదరాబాద్‌ను ఏలే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాత్రం నేను స్వతంత్రంగానే ఉంటానన్నాడు. ఆ నవంబర్ 29న ఢిల్లీతో ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టుగా ఉండాలని యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. చివరికి 1948 సెప్టెంబర్ 13న మన దేశ సైన్యం వచ్చింది, మీ తాత పోలీస్ యాక్షన్ అన్నది దాన్నే. 17న నిజాం లొంగిపోయాడు. ఎర్రకోట మీద జెండా ఎగిరాక మన ఊళ్లకు ఆ జెండా రావడానికి పదమూడు నెలలు పట్టింది.

ఆ నెలలు ఉత్తగా గడవలేదు. అంతకు ముందే, 1946 ఆగస్టు 11న, వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్యను చంపేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పద్దెనిమిది రోజులకు, అంటే 1947 సెప్టెంబర్ 2న, మీ పరకాలలోనే జెండా ఎగరేద్దామని ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తే నిజాం పోలీసులు, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని అక్కడివాళ్లు చెప్తారు. 1948 ఆగస్టు 27న వాళ్లే బైరాన్‌పల్లి మీద పడ్డారు, నిజాం లొంగిపోవడానికి సరిగ్గా మూడు వారాల ముందు. ఊరి బురుజు ఎక్కి కాపలా కాసుకున్న ఊరది. ఒక్క పొద్దున్నే వంద మంది దాకా పోయారు. ఒక దేశం స్వతంత్రమై ఏడాది దాటాక కూడా ఆ జెండా పట్టుకున్నందుకు ప్రాణాలు పోయాయంటే, అది మీ స్పీచ్‌లో రావాల్సిన విషయమే కదా.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పు. సైన్యం వచ్చాక సంస్థానంలో చాలా చోట్ల, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధం లేని మామూలు ముస్లిం కుటుంబాల మీద దాడులు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి రిపోర్టు ఇచ్చింది. దాన్ని ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. ఇక సెప్టెంబర్ 17ను విమోచనం అనాలా, విలీనం అనాలా అని ప్రతి సెప్టెంబర్‌లో గొడవ పడతాం. నా మటుకు నాకు పేరు కంటే, పరకాలలో పోయినవాళ్లనూ తర్వాత పోయినవాళ్లనూ ఒకే గుండెతో గుర్తుచేసుకోవడం ముఖ్యం అనిపిస్తుంది.

మీ తాత దగ్గర ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి కూర్చో. ఈ వారమే.

*ఇంగ్లీషోళ్లు రైళ్లేసి పోయారు, బొగ్గు బావులు తవ్వి పోయారు. వాళ్లే రాకపోతే మనకు ఈ ప్రోగ్రెస్ ఎక్కడిది సార్?*
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

సార్, మీరు జీవితమంతా పట్టాల మీద పనిచేశారు కాబట్టి వాటి కథతోనే చెప్తాను. మన లైను వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ "గ్యారంటీడ్" అన్న మాటలోనే అంతా ఉంది. 1883లో లండన్‌లో కంపెనీ పెట్టారు. రైలు లాభాల్లో నడిచినా నడవకపోయినా అక్కడి వాటాదార్లకు ఇంత వడ్డీ ఇస్తామని హైదరాబాద్ ప్రభుత్వం హామీ ఇచ్చింది. నష్టం వస్తే కట్టాల్సింది మన రైతు శిస్తులోంచే. ఆ రైల్వేను మళ్లీ మన సంస్థానమే 1930లో కొనుక్కుంది.

బొగ్గుదీ అదే దారి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, 1886లో తవ్వే హక్కు లండన్ మదుపుదార్ల హైదరాబాద్ డెక్కన్ కంపెనీకి పోయింది, వెంటనే రైలు పట్టా ఇల్లెందు దాకా, ఆ తర్వాత బెజవాడ దాకా సాగింది. పట్టా ఎటు పోయిందో చూస్తే ఎవరి అవసరానికి వేశారో తెలుస్తుంది. 1920లో ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది, 1945లో నిజాం ప్రభుత్వం దాని పెద్ద వాటా కొన్నది, ఇప్పుడు 51 శాతం మన రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. గోదావరిఖనిలో, మందమర్రిలో, భూపాలపల్లిలో ఆ బావుల మీద వేల ఇళ్లు నిలబడ్డాయి.

బొగ్గు అదే, పట్టాలు అవే. లాభం ఎవరి జేబులోకి పోతుంది, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది మాత్రం మారింది. నేను స్వాతంత్ర్యం అనేది దాన్నే. మనల్ని ఏలింది నిజాం కాబట్టి మనం వలస పాలనలో లేమని కొందరంటారు గానీ, రైలూ బొగ్గూ లెక్క చూస్తే ఆ మాట నిలవదు.

*మన తర్వాత స్వాతంత్ర్యం వచ్చిన చిన్న దేశాలు కొన్ని మనకంటే ముందుకు పోయాయట. ఎలా పోయాయి?*
— గృహిణి, కరీంనగర్

మంచి ప్రశ్న అడిగారమ్మా. రెండు దేశాలు పక్కపక్కన పెట్టి చూద్దాం, రెండింటికీ భూమి కిందే సంపద ఉంది.

కాంగో 1960 జూన్ 30న బెల్జియం నుంచి బయటపడింది. రాగి, కోబాల్టు, వజ్రాలు, లేనిది లేదు. కానీ బెల్జియం వాళ్లు అక్కడివాళ్లను చదవనివ్వలేదు, స్వాతంత్ర్యం వచ్చిన రోజు దేశం మొత్తం మీద డిగ్రీ చదివినవాళ్లు ముప్పై మంది కూడా లేరు. రెండు వారాలు తిరక్కుండానే గనులున్న కటంగా విడిపోతానంది, దాని వెనక గనుల కంపెనీ డబ్బుంది. మొదటి ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరిలో చంపేశారు. ఆ దేశం ఇప్పటికీ కోలుకోలేదు.

బోట్స్వానా 1966 సెప్టెంబర్ 30న బ్రిటన్ నుంచి విడిపోయింది. అప్పుడు ప్రపంచంలోని అతి పేద దేశాల్లో అదొకటి, చాలా భాగం ఎడారి. ఆ మరుసటేడే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. అధ్యక్షుడు సెరెత్సె ఖామా తెలివంతా ఇక్కడుంది: భూమి కింద ఉన్నది ఏ తెగదీ కాదు, దేశం మొత్తానిదని చట్టం చేయించాడు, తన సొంత తెగను కూడా ఒప్పించాడు. మొదట గనిలో చిన్న వాటాతో సరిపెట్టుకున్న ప్రభుత్వం, 1970ల్లో కంపెనీతో గట్టిగా బేరమాడి సగం వాటా తీసుకుంది. ఆ డబ్బు బడులకు, రోడ్లకు, దవాఖానాలకు పోయింది. కష్టాలు లేవని కాదు, ఎయిడ్స్ ఆ దేశాన్ని చాలా దెబ్బతీసింది, వజ్రాల ధర పడితే ఇవాళ్టికీ దేశం వణుకుతుంది. అయినా కాంగోకూ దానికీ తేడా చూడండి. అందరిదీ అని రాసిపెట్టిన ఒక చట్టం.

*2047కల్లా దేశం అభివృద్ధి చెందుతుందంటున్నారు. నేను మూడేళ్లుగా లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. నాకైతే టెన్షన్ తప్ప ఏం కనపడట్లేదు. ఇందులో నా వంతు ఏంటి?*
— ఉద్యోగార్థి, వరంగల్

తమ్ముడూ, ముందు నీ టెన్షన్ తప్పు కాదు. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. అది నీ చేతకానితనం అనుకోవద్దు. ఒకటే పరీక్ష మీద ముప్పై ఏళ్లు వచ్చేదాకా కూర్చోకుండా, పక్కన ఇంకో పని కూడా నేర్చుకో అని మాత్రం అన్నలా చెప్తున్నా.

నువ్వు కూర్చున్న ఆ లైబ్రరీ గురించి కూడా ఒక మాట. నిజాం కాలంలో కచేరీ కాగితాలు ఉర్దూలో ఉండేవి, ఊళ్లో తెలుగు మాట్లాడే రైతుకు తన భూమి కాగితం తనకే అర్థమయ్యేది కాదు. 1921లో హైదరాబాద్ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు, ఆ అవమానంలోంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. తర్వాత గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు, అనుమతి లేకుండా సభ పెట్టుకోవద్దని. అలాంటి చోట మనవాళ్లు గ్రంథాలయాలు పెట్టారు. హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నాటిది. సభ పెట్టనివ్వని చోట పేపర్ చదవడమే రాజకీయం అయింది.

దేశంలో 1951లో చదవడం వచ్చినవాళ్లు నూటికి 18 మంది. 2011లో దేశం మొత్తం మీద 73 దగ్గరికి వచ్చింది, మన తెలంగాణలో 66, ఆడవాళ్లలో 58 దగ్గరే ఆగింది. నూటికి నలభై మందికి పైగా ఆడవాళ్లు ఇంకా సంతకం కోసం ఎవరి మీదో ఆధారపడ్డారన్నమాట. మా అమ్మ వాళ్లలో ఒకరు. భూమి కాగితాల కోసం ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి వేలిముద్ర వేసి ఇంటికొచ్చింది. ఆ కాగితంలో సర్వే నంబరు తప్పు పడిందని నేను సెలవులకు ఇంటికొచ్చి చదివేదాకా ఎవరికీ తెలియదు. సరిచేయించడానికి రెండేళ్లు పట్టింది.

నీ వంతు అడిగావు కదా. నువ్వు చదువుతున్న ఆ పాలిటీ, ఎకానమీ, ల్యాండ్ రెవెన్యూ అంతా నీకు ఇప్పటికే వచ్చు. ఆదివారం ఒక గంట మీ వాడలో కూర్చో. పింఛను కాగితం, పాస్‌బుక్, బ్యాంకు నోటీసు, ఎవరిదైనా చదివి చెప్పు. పోస్టు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది.

*మా స్కూలు పిల్లల్ని ఒక్క రోజు ఎక్కడికైనా తీసుకెళ్లాలి. ఎక్కడికి?*
— టీచర్, జమ్మికుంట

పొద్దున పరకాలలో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం, అక్కణ్నుంచి ఖిలా వరంగల్. తోరణాల దగ్గర ఫోటోలు ఎలాగూ దిగుతారు, దిగనివ్వండి. తర్వాత నీడన కూర్చోబెట్టి మొగిలయ్య సంగతి చెప్పండి. బైరాన్‌పల్లి బురుజు ఇంకో రోజు పెట్టుకోండి, ఒకే రోజులో అన్నీ అంటే పిల్లలు అలిసిపోతారు. నీళ్ల బాటిళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి.