అమ్మకానికి రాని లగ్జరీ కారును రోడ్డు మీద ఏం పరీక్షిస్తారు?

నెల్లూరు బైపాస్‌లో ఒళ్లంతా నలుపు తెలుపు గీతల స్టిక్కర్లతో పోయిన కారు ఏంటని అడిగారు. అది ప్రోటోటైప్, అంటే అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసిన నమూనా కారు. బాడీ ఆకారం ఫొటోల్లో తెలియకూడదని ఆ గీతలు.

లగ్జరీ కారులో నా లెక్కన అసలు పరీక్ష వెనక సీటుకే, మన దగ్గర యజమాని ఎక్కువగా కూర్చునేది అక్కడే. ఇంజిన్ చప్పుడు తగ్గేకొద్దీ చిన్న శబ్దాలు బయటపడతాయి: పెన్నా వంతెన అతుకు దాటగానే డోర్ ప్యాడ్ కిర్రుమనడం, టైర్ల హోరు, అద్దం అంచున గాలి ఈల. ఒంగోలు మే ఎండలో గంటసేపు నిలబెట్టి, ఏసీ వేశాక వెనక ఎంతసేపటికి చల్లబడుతుందో కూడా చూడాలి.

రిపోర్టులో "కుదుపు ఎక్కువ" అని రాస్తే ఇంజినీరుకు ఏం అర్థం కాదు. "30 కిలోమీటర్ల వేగంలో, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, వెనక ఎడమ చక్రం దగ్గర టక్‌మంటోంది" అని రాస్తే ఏ బుష్ (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల అతుకుల్లోని రబ్బరు ముక్క) విప్పి చూడాలో తెలుస్తుంది.